గుడ్డు, నవ్వు, జాతీయ కప్పు

అఖిల భారత ఔత్సాహిక ఫుట్‌బాల్ కప్పు నిబంధనల పుస్తకంలో చివరి రెండు నిబంధనలు నా నోట్లోంచి వచ్చినవే. గొప్పకి చెప్పడం లేదు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినదాన్ని, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు. మా ఆయన ఒకసారి అగ్గిపుల్లలు పేర్చి చెప్పాడు. అగ్గిపుల్లలు అర్థమయ్యాయి. అయినా దేశమంతటా జీతం లేకుండా బంతి తన్నేవాళ్ళు ఇవాళ గుడ్డు తినకుండా, పళ్ళు బయటపెట్టకుండా ఆడుతున్నారంటే ఆ పుణ్యం నాదే. నోరు జారితే ఇంట్లో గొడవవుతుందని మా అమ్మ చెప్పింది గాని, నిబంధన అవుతుందని చెప్పలేదు.

మా ఆయన సన్నిబాబు గాజుగెడ్డ గోనెసంచుల మిల్లులో నూలు వడికే మరల దగ్గర పని చేస్తాడు. షిఫ్టు దిగేసరికి కనురెప్పల మీద కూడా నారపొట్టు ఉంటుంది. ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుంటాడు. "ఏటి మావా" అంటే "ఏటీ లేదు" అంటాడు. నిజంగానే ఏమీ ఉండదు. అదే మనిషి మిల్లు వెనక ఖాళీ జాగాలో చీకటి పడేదాకా బంతి తన్ని వచ్చాడా, పాపని భుజానికెక్కించుకుంటాడు, మా అత్తని ఆటపట్టిస్తాడు, కూరలో ఉప్పు మరిచిపోయినా బాగుందంటాడు. ఆ కాసేపు ఆట లేకపోతే మా ఇంట్లో మొగుడికి బదులు ఒక నారపొట్టు మూట ఉంటుంది. ఇది నాకు బాగా తెలుసు. తెలిసి కూడా భయపడేదాన్ని. మోకాలు విరుగుతుందేమో, చెమట మీద గాలి తగిలి జ్వరం వస్తుందేమో, ఆ జ్వరం పాపకి అంటుకుంటుందేమో. భయం నాకొక ఇంటిపని లాంటిది. పొద్దున్నే వాకిలి ఊడ్చి మొదలుపెడతాను.

ఆ ఏడు మా మిల్లు జట్టు మొట్టమొదటిసారి కప్పు ఫైనలుకి వచ్చింది. ఫైనలు జరిపే వంతు కూడా మా ఊరికే వచ్చింది. వీధిలో మేకలు కూడా కొంచెం మెడలెత్తి నడుస్తున్న రోజులవి.

అప్పుడు వచ్చారు లింగమూర్తి గారు.

పాప అప్పుడే నిద్రపోయింది. దండెం నిండా తడి గుడ్డలు, గుమ్మంలో ఎంగిలి గిన్నెలు. చేతిలో సంచీతో, కళ్ళజోడుతో ఒకాయన వచ్చి నిలబడ్డాడు.

"నేను అసోసియేషన్ వారి నిష్ప్రతిఫలత్వ నిర్ధారణాధికారిని" అన్నారు.

అందులో నాకు అర్థమైంది అధికారి ఒక్కటే. కాలితో గిన్నెలు పక్కకి నెట్టాను.

"సదరు క్రీడాకారునికి ఆట దినమున గృహమందు ఏమేమి సమకూర్చబడును?"

అంటే మొగుడికేం పెడుతున్నావని. మా వీధిలో ఈ ప్రశ్నకి నిజం చెప్పిన ఆడది లేదు. నిజానికి ఆయన ఆట రోజున తినేది రాత్రి అన్నంలో గంజి, ఒక ఉల్లిపాయ. కాని కళ్ళజోడు పెట్టుకున్న మనిషి ముందు, తడి గుడ్డల కింద నిలబడి, ఉల్లిపాయ అని ఎలా చెప్పను?

"గుడ్డు పెడతానండి" అన్నాను.

ఆయన తలెత్తారు. ఒకటి సరిపోలేదనుకున్నాను.

"రెండండి."

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. నాకు ఉత్సాహం వచ్చింది.

"పాలు కూడానండి. అన్నంలో నెయ్యండి." మా ఇంట్లోకి నెయ్యి వచ్చింది పాప బారసాలకి. అది కూడా పక్కింటివాళ్ళది.

"ఆట లేని దినమున?"

"ఆట లేనప్పుడు ఎందుకండీ? మామూలు అన్నమే." పొదుపైన ఇల్లాలిని కూడా అనిపించుకోవాలి కదా.

లింగమూర్తి గారు కలానికి మూత పెట్టారు. "ఆడితే గుడ్డు, ఆడకపోతే గుడ్డు లేదు. దీనిని ఏమంటారో తెలుసా తల్లీ?"

"ప్రేమంటారండి" అన్నాను సిగ్గుపడుతూ.

"వేతనమంటారు" అన్నారాయన.

సాయంత్రానికి మా ఆయనకి కబురు వచ్చింది: భార్య వద్ద గుడ్ల రూపేణా వేతనం పొందుచున్న వృత్తి క్రీడాకారుడని అనుమానం, విచారణకి కుటుంబ సమేతంగా హాజరు కావలెను, అంతవరకు ఆడరాదు.

"ఏ గుడ్డే?" అన్నాడు సన్నిబాబు. కోప్పడలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. "ఒలే గౌరీ, నాను గుడ్డు మొకం సూసి ఎన్నాళ్ళయింది?"

"సెప్పానంతే మావా. ఎట్టానని కాదు, సెప్పాను."

మా అత్త ఎల్లమ్మ అరుగు మీంచి అందుకుంది. "సెప్పినంత సులువుగా ఎడితే నా కొడుకు ఈపాటికి ఏనుగులా ఉండును. ఎట్టని గుడ్డుకి ఇంత గోలేటే?"

మా ఆయన ఆ సాయంత్రం మిల్లు వెనక నుంచి కుర్రాళ్ళ కేకలు వినిపిస్తుంటే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "ఏటి మావా" అన్నాను. "ఏటీ లేదు" అన్నాడు. తిట్టుంటే బాగుండేది.

విచారణ మునిసిపల్ మైదానంలో మెట్ల కింద గదిలో జరిగింది. కమిటీవారు జీడిపప్పు ఉప్మా తింటున్నారు. కమిటీవారు ఆటగాళ్ళు కారు కనుక వారు ఏమి పుచ్చుకున్నా ఆట కలుషితం కాదని నిబంధన ఉందట. మేము నిలబడ్డాం. ఆటగాళ్ళ కుటుంబాలకి కుర్చీ ఇస్తే ఆతిథ్యం కింద వస్తుందట.

అధ్యక్షులవారు చెంచా కింద పెట్టి, "ముందుగా వీరికి చరిత్ర తెలియవలెను" అన్నారు. చెప్పారు. వింటుంటే నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పాపని ఆ చంక నుంచి ఈ చంకకి మార్చుకున్నాను.

కప్పు పెట్టిన మహానుభావుడు ఒక్కటే మాట అన్నాడట: ఆట కోసమే ఆడేవాళ్ళకిది. మొదట్లో ఎవరికీ జీతం ఇవ్వకూడదన్నారు, అంతే. తర్వాత ఎవరో ఒక జట్టుకి గెలిచినందుకు భోజనం పెట్టారు. భోజనం తీసేశారు. బస్సు చార్జీ కూడా ప్రతిఫలమేనని తేలింది. అదీ తీసేశారు. దూరపు రాష్ట్రం జట్టు ఒకటి నడిచి బయల్దేరి, పోటీలు ముగిసిన చాన్నాళ్ళకి చేరింది. ఇంతటి నిష్కాములు మరి లేరని వాళ్ళకి శాలువాలు కప్పారు. శాలువాలు పుచ్చుకున్నందుకు బహిష్కరించారు. ఆ తర్వాత సగం ఆటలో చప్పరించే నిమ్మచెక్కలు పోయాయి. పందిరి నీడ పోయింది. చివరికి ఒక మేధావి సభ్యుడు కప్పు వైపే వేలు చూపించి, "అయ్యా, ఇది వెండి కదా?" అన్నాడట. అప్పటినుంచి గెలిచిన జట్టుకి కప్పు ఇవ్వరు. వేదిక మీంచి చూపిస్తారు. తర్వాత అది అధ్యక్షులవారి ఇంట్లో భద్రంగా ఉంటుంది.

"మా శ్రీమతి దానిలో ప్లాస్టిక్ గులాబీలు ఉంచుచున్నారు. నిజమైన గులాబీలైన పక్షమున సువాసన కూడ ఒక ప్రయోజనమగును" అన్నారు అధ్యక్షులవారు.

అందరూ ఆ సునిశిత దృష్టికి తలలూపారు. నేనూ ఊపాను. భయమేస్తే నేను అన్నిటికీ తలూపుతాను.

"ఇక సదరు గుడ్డు విషయము."

నేను గొంతు సవరించుకుని, అబద్ధం చెప్పానండి, మా ఆయనకి నేనేమీ పెట్టనండి అన్నాను. సాక్ష్యం ఏమిటన్నారు. మా అత్తని ముందుకి తోశాను. పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ ఈ అవకాశం కోసమే కాచుకున్నట్టుంది.

"ఇది నా కొడుక్కి గుడ్డెట్టడవా! బాబూ, తవరు పెద్దలు, నవ్వుతారు. పులుసు కాస్తే మంచి ముక్క ఇది ఏసుకుంటాది. ఆడికి తల. సద్దన్నంలో ఉల్లిపాయ కూడా సగవే ఇస్తాది, మిగతా సగం రాత్రికంటాది."

"అనగా, సదరు క్రీడాకారుడు గృహమందు సంపూర్ణ నిర్లక్ష్యమునకు గురి అగుచున్నాడు?"

"సంపూర్ణం బాబూ. ఇంకా ఎక్కువ."

"మా నిర్ధారణాధికారి వద్ద పాలు, నెయ్యి కూడ ప్రస్తావించబడినవి."

"నెయ్యా!" అని మా అత్త నా వైపు తిరిగి, నిజంగానే మెచ్చుకోలుగా చూసింది. "ఓలమ్మ, నీ నోరు సల్లగుండ."

నలుగురిలో చెడ్డ పెళ్ళాన్నని రుజువవుతుంటే అంత సంతోషం కలుగుతుందని నాకు అంతవరకు తెలియదు. ఊపు వచ్చి నేనూ అందుకున్నాను. ఆట కోసం షిఫ్టులు పోగొట్టుకున్నాడండి, మోకాలు వాచిందండి, గోలు కొట్టిన చెప్పు గెడ్డలో పడి కొట్టుకుపోయిందండి, వర్షంలో ఆడి దగ్గు తెచ్చుకున్నాడండి, ఆ దగ్గుకి నాకు నిద్ర లేదండి. ఒక్కొక్కదానికీ కమిటీవారు "శుద్ధనష్టము", "శుద్ధనష్టము" అని రాసుకున్నారు. సన్నిబాబు గోడ పక్కన నిలబడి, నేను ఇంత బాగా మాట్లాడతానని తెలియనట్టు చూస్తున్నాడు. "ఇట్టి క్రీడాకారుడు మన కప్పు చరిత్రకే అలంకారము" అన్నారు అధ్యక్షులవారు. మా ఆయన మీది గుడ్డు అనుమానం కొట్టివేశారు. ఇకముందు మాత్రం ఆటగాడెవరూ గుడ్డు తినరాదని ఒక నిబంధన రాసుకున్నారు. మొగుడు ఆడవచ్చన్నారు.

అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేస్తే మీకు ఈ కథ ఉండేది కాదు.

అధ్యక్షులవారు మళ్ళీ చెంచా తీసుకుంటూ, వాత్సల్యంగా, ఊరికే మాటకి అడిగారు. "ఇన్ని నష్టములుండగా మరి అతడు ఎందులకు ఆడుచున్నాడమ్మా?"

గండం గడిచిందనే ధీమాలో నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"సంతోషం బాబూ. బంతి తన్నొచ్చిన రోజు నవ్వుతాడు."

చెంచాలు ఆగిపోయాయి. మా అత్త నా నడుం మీద గట్టిగా గిల్లింది. అప్పటికే ఆలస్యమైంది.

"సంతోషము" అన్నారు అధ్యక్షులవారు మెల్లగా, నోట్లో రాయి తగిలినట్టు. "అది ఏ మేరకు?"

"కొంచెవే బాబూ" అంది మా అత్త.

"కొంచెము కాదు, చాలా అని ఈ కోడలి ముఖము చెప్పుచున్నది" అన్నారు లింగమూర్తి గారు. ఆయన లేచి నిలబడ్డారు. "అధ్యక్షా! ఇన్నేళ్ళుగా మనము గుడ్లు, నిమ్మచెక్కలు వెదకుచుంటిమి. అసలు ప్రతిఫలము వీరు లోపల దాచుకొని మన కళ్ళ ముందే గేటు దాటుచున్నారు!"

ఉప్మా చల్లారేలోగా తీర్మానం అయిపోయింది. ఆటగాళ్ళెవరూ ఆట వలన ఆనందం పొందరాదు. పళ్ళు కనబడుట, ఎగురుట, పరస్పరం కౌగిలించుకొనుట, ఆకాశం వైపు చూచి కళ్ళు మూసుకొనుట ఆనందముగా పరిగణించబడును. మా ఆయన మీద ప్రత్యేక నిఘా. ఫైనల్లో ఒక్క పన్ను కనబడినా జన్మలో మరి ఏ మైదానంలోనూ దిగడానికి వీల్లేదు.

బయటికొచ్చాక సన్నిబాబు నన్ను చూసి, "గుడ్డే నయం కదే" అన్నాడు.

ఫైనలుకి ముందు రోజులన్నీ మా ఇంట్లో మొహానికి తాలీము. నేనే గురువుని. పాపని ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చునేదాన్ని.

"బంతి వొచ్చింది. తన్నేవు. గోలు. ఊఁ, నవ్వకు! ఏదైనా దుక్కం తల్సుకో."

"నీ వంట తల్సుకుంటన్నాను" అని ఫక్కున నవ్వేవాడు.

"పన్ను అగుపించింది! మావా, ఆడుకోవద్దా నీకు? మీ అమ్మని తల్సుకో."

"నానేటి సచ్చిపోనానా?" అనేది మా అత్త.

మొదట్లో ముగ్గురం నవ్వాం. తర్వాత ఇద్దరం. మిల్లు వెనక జట్టంతా కూడా గోలు కొట్టగానే దుకాణం మూసేసినట్టు మొహాలు మూసేయడం నేర్చుకున్నారు. అందరిలోకీ మా ఆయనకే బాగా వచ్చేసింది. ఇంటికొచ్చినా తీసేవాడు కాదు. అలవాటు తప్పుతుందని నేనే వద్దన్నాను. పాపని భుజానికెక్కించుకోవడం కూడా ఫైనలయ్యాక అన్నాను. మంచి గురువుని కదా.

ఫైనలు రోజు జనం మైదానం చుట్టూ కిక్కిరిసి ఉన్నారు. అవతలి జట్టుకి కూడా నిబంధన అందింది. రెండు జట్లూ తలలు వంచుకుని వరసగా మైదానంలోకి నడిచాయి. చూసినవాళ్ళు తలగుడ్డలు తీసేశారు. నా వెనక ఒక ముసలాయన "ఎవలు పోనారమ్మా?" అని అడిగాడు. ఎవరూ పోలేదు తాతా, ఇది ఫైనలు అని చెబితే "అయ్యో" అన్నాడు.

మా ఆయన ఎక్కడికి పరిగెత్తితే గీత బయట లింగమూర్తి గారు అక్కడికి పరిగెత్తారు, మెడలో దుర్భిణీతో. ఆటగాళ్ళ కుటుంబాలని విడిగా ఎండలో కూర్చోబెట్టారు, మాకొక అధికారి. కుటుంబం ద్వారా అందే ఆనందం కూడా ఆటగాడి ఖాతాలోకే పోతుందట. మేమంతా పరీక్ష ఫలితాలకి వచ్చినవాళ్ళలా కూర్చున్నాం. మా పాప ఒక్కసారి బంతిని చూసి కిలకిలలాడింది. అధికారి గబగబా వేదిక దగ్గరికెళ్ళి కనుక్కుని వచ్చి, "పళ్ళు రాని కారణమున మినహాయింపు" అన్నాడు.

ఆట ఆఖరికొచ్చింది. ఎవరూ గోలు కొట్టలేదు. కొడితే మొహం ఆపుకోవాలి కదా, ఆ భయంతో గోలు దాకా వచ్చినవాళ్ళు కూడా పక్కవాడికి ఇచ్చేస్తున్నారు. అలా ఇచ్చుకుంటూ ఇచ్చుకుంటూ బంతి మా ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన పక్కన ఇవ్వడానికి ఎవరూ లేరు. నాకు ఆట తెలియదని ముందే చెప్పాను. కాని ఆ క్షణం నేను చూశాను. ఆయన ఒకణ్ణి తప్పించాడు, ఇంకొకడి కాళ్ళ మధ్య నుంచి తీశాడు, ఎడమకాలితో, అంత తేలిగ్గా, పాప నోటి నుంచి అన్నం మెతుకు తీసినట్టు, కొట్టాడు. వల ఊగింది. నేను పైటచెంగు నోట్లో కుక్కుకున్నాను. నా పక్కనున్న ఆడవాళ్ళందరూ కుక్కుకున్నారు.

సన్నిబాబు అలాగే నిలబడ్డాడు. లింగమూర్తి గారు గీత దాటి, ఆయన మొహానికి జానెడు దూరంలో తన మొహం పెట్టి చూశారు. ఏమీ లేదు. దుర్భిణీ పెట్టి చూశారు. ఏమీ లేదు.

వేదిక మీంచి కప్పు చూపించారు. ఎండ పడి మెరిసేసరికి, ఆ మెరుపు చూడడం కూడా లాభమేనేమోనని మావాళ్ళు కళ్ళు దించుకున్నారు. "కప్పు చరిత్రలో తొలి నిర్వికార విజయము!" అన్నారు అధ్యక్షులవారు. మా ఆయనకి ఆదర్శ ఔత్సాహికుడని బిరుదు ఇచ్చారు. గట్టిగా ప్రకటిస్తే కీర్తి అవుతుందని చెవిలో చెప్పారు.

మేము గెలిచాం. మొగుడి ఆట నిలబెట్టాను. ఇంటికొచ్చి తలుపేసి, "ఇంక నవ్వు మావా, ఎవులూ లేరు" అన్నాను.

ఆయన ప్రయత్నించాడు. పెదవులు కదిలాయి. పాపని భుజం మీద పెట్టాను. పట్టుకున్నాడు, సంచీ పట్టుకున్నట్టు.

మర్నాడు షిఫ్టు దిగొచ్చి గోడకి ఆనుకున్నాడు. బంతి మేకుకి వేలాడుతోంది. కుర్రాళ్ళు వచ్చి పిలిచారు. వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు.

"ఎళ్ళు మావా."

"ఎళ్తే ఏటుందే? బంతి కాలికి తగిల్తే ముందు మొకం బిగుసుకుపోతంది. మొకం సూసుకోడవే సరిపోతంది. ఆడడవేటి?"

"మోకాలైనా బాగుంటాదిలే" అన్నాను. ఆ మాటకి నాకే సిగ్గేసింది. ఇన్నాళ్ళూ ఏ మోకాలి కోసం భయపడ్డానో అది క్షేమంగా గోడ పక్కన చాపి ఉంది. మిగతా మనిషే లేడు.

కొన్నాళ్ళకి లింగమూర్తి గారు మళ్ళీ వచ్చారు, ఆదర్శ ఔత్సాహికుడు ఎలా ఉన్నాడో చూడడానికి. ఆడడం మానేశాడండి అన్నాను. నిష్టూరంగానే అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఆయనకి నిబంధన లేదు.

"మానివేసినాడా! తల్లీ, ఇతనికై కదా మేము ఇన్నేళ్ళు వెదకినది! ఆడడు, కనుక పొందడు. ఆడువాడు ఎంతటి నిష్కాముడైనను, ఎక్కడో ఒక చోట కొంచెము పొందును. వచ్చే సంవత్సరమునుండి ఆడనివారిని మాత్రమే పోటీలకు పిలువవలెనని నేడే ప్రతిపాదింతును. మైదానము ఖర్చు కూడ ఉండదు."

ఆయన గాల్లో తేలుతున్నట్టు వీధిలోకి వెళ్ళి స్కూటరు తన్నడం మొదలుపెట్టారు. అది స్టార్టు కావడం లేదు.

నేను వీధిగోడ పక్కనున్న పెరట్లోకి వచ్చాను. మా ఆయన అక్కడే గోడకి ఆనుకుని ఉన్నాడు. నా మీద నాకు వచ్చిన కోపం ఎక్కడ చూపించాలో తెలియలేదు. మేకుకున్న బంతి తీసి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఉన్న బలమంతా పెట్టి తన్నాను. అది ముందుకి పోవాలి కదా? నా వెనక్కి పోయింది. ఎలా పోయిందో దేవుడికి తెలియాలి. అరుగు మీద మా అత్త ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల మధ్య పడి, సగం చేపల్ని పక్కింటి పైకప్పు మీదికి పంపింది. నేను పట్టు తప్పి తొట్టిలో కూర్చున్నాను, నీళ్ళతో సహా.

"ఓలి నీ సేతులు పడ! నా నెత్తళ్ళే!" అంది మా అత్త.

గోడ పక్క నుంచి ఒక చప్పుడు వచ్చింది. తుప్పు పట్టిన గొళ్ళెం తీసినట్టు. తర్వాత ఇంకొకటి. సన్నిబాబు భుజాలు ఊగుతున్నాయి. "కాలు... కాలు ముందుకి తన్నాలే..." అంటూ లేచి, మాట పూర్తి చెయ్యలేక, గోడ పట్టుకుని, పళ్ళన్నీ బయటపెట్టి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు. కాలితో బంతిని లాక్కుని, తనకి తెలియకుండానే, మోకాలి మీద ఎగరేస్తున్నాడు.

వీధిలో స్కూటరు చప్పుడు ఆగిపోయింది.

"ఏమమ్మా!" గోడ అవతల నుంచి లింగమూర్తి గారి గొంతు. "లోపల ఎవరో ఆనందము పొందుచున్నట్లున్నది? బంతి శబ్దము కూడ వినవచ్చుచున్నది?"

నా నోరు తెరుచుకుంది. ఆ నోరు సంగతి నాకు తెలుసు కనుక రెండు చేతులతో మూసుకున్నాను.

మా అత్త అరుగు దిగింది. చేతిలో మిగిలిన నెత్తళ్ళతో గోడ దాకా వెళ్ళి, నడుం మీద చెయ్యేసుకుని, ఊరంతా వినబడేలా హహ్హహ్హా అని నవ్వింది.

"నానే బాబూ! మా కోడలు తొట్టిలో పడిపోనాది. నాకెంత ఆనందవో తవరికేటి తెల్సు! రాసుకోండి, నాను ఏ జట్టులోనూ లేను!"

మళ్ళీ నవ్వింది. ఆగితే కొడుకు నవ్వు వినబడుతుంది. ఊపిరి అందకపోయినా ఆగలేదు. తొట్టిలోంచి నేనూ మొదలుపెట్టాను.